బొగ్గు లారీ నీళ్లు తాగిన బావి

జనవరి నెల, మూడో ఆదివారం. స్థలం: ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఒక ఊరు, మంచినీళ్ల బావి దగ్గర. హాజరైనవారు: సర్పంచ్ వీరేశ్, అతని చిన్నాన్న, పంచాయతీ సెక్రటరీ, షామియానా కింద ఊరి ఆడవాళ్లు, వెనక కుర్చీల్లో కాలనీ వాళ్లు, నా కూతురు విమల, నేను. డైరీలో ఏ సంగతి రాసినా ముందు ఎవరెవరున్నారో రాసుకోవడం నా అలవాటు. తర్వాత ఎవరూ నేనక్కడ లేనని తప్పుకోకూడదు. ఊరి పేరు మాత్రం రాయడం లేదు. మొహమాటంతో కాదు. ఆ దారిలో అలాంటి ఊరు అదొక్కటే అయితే రాసేదాన్ని. ఒక్కదాని పేరు రాస్తే మిగతావన్నీ తప్పించుకుంటాయి.

బావికి పూడిక తీయించి, చుట్టూ టైల్స్ వేసి, పైన ఇనుప వల బిగించారు. పక్కన గోడకు ఒక శిలాఫలకం, దాని మీద పసుపు గుడ్డ. ఆ గుడ్డ తీయడానికి నన్ను పిలిచారు. వీరేశ్ ఆదోనిలో మా ఇంటికి వచ్చి, "మీ నాయన నడిపిన బొగ్గు లారీ మా బాయి నీళ్లే తాగేదంట గదా టీచరమ్మా. మీ చేత్తోనే తీపియ్యాలని ఊరంతా అనుకున్నాం" అన్నాడు. సంతోషించాను. కానీ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని, చదవకుండా దేనికీ చెయ్యి పెట్టను. మైకులో ఎవరో మాట్లాడుతుంటే గుడ్డ అంచు కొంచెం ఎత్తి చదివాను. కుల మత భేదం లేకుండా బాటసారులకూ బండ్లకూ నీళ్లు దానం చేసిన పుణ్య బావి అని ఉంది. గుడ్డ వదిలేసి, "దీన్ని నేను తీయను" అన్నాను.

వీరేశ్ కంగారుగా దగ్గరికి వచ్చాడు. "ఏమైంది టీచరమ్మా, అచ్చుతప్పు పడిందా?"

"అచ్చు అంతా బాగుంది నాయనా. మాటే అబద్ధం."

అతని చిన్నాన్న నవ్వుతూనే అన్నాడు, "మంచి దినం పూట పాతవన్నీ ఎందుకు తవ్వుతావులే అక్కా."

"బావి తవ్వి పూడిక తీసింది మీరే కదప్పా. అడుగున ఉన్నదే పైకొచ్చింది" అన్నాను. వీరేశ్ మైకు తెచ్చి నా చేతికిచ్చాడు. అతనిలో ఆ మర్యాద ఉంది, అది రాసి తీరాలి. ఆ రోజు మైకులో తొందర తొందరగా చెప్పినదాన్ని ఇక్కడ తీరుబడిగా రాస్తున్నాను.

మా నాయన దావీదు ఆదోనిలో ఒక నూలు మిల్లులో డ్రైవరు. ఆయన నడిపింది పెట్రోలు లారీ కాదు, ఆవిరి లారీ. మిల్లు మొదటి యజమాని కాలంలో ఓడలో వచ్చిందట. పెట్రోలుకు పర్మిట్లు కావలసిన రోజుల్లో, మూలన పడి ఉన్న దాన్ని మళ్లీ బయటికి తీశారు. ముందు భాగంలో డ్రైవరు కూర్చునే గది, ఆ గదిలోనే నిలువుగా పీపాలాంటి బాయిలరు, పైకప్పు చీల్చుకొని పొగగొట్టం. టైర్లు గాలివి కావు, గట్టి రబ్బరువి. అందుకే అది వస్తుంటే ముందు నేల అదిరేది, తర్వాత చప్పుడు వినిపించేది. ఆదోని నుంచి నూలు బేళ్లు ఎమ్మిగనూరు మగ్గాలవాళ్లకు చేరవేయడం, అక్కడి నుంచి నేసిన గుడ్డ మూటలు తీసుకురావడం దాని పని. మిల్లు కాగితాల్లో దానికి ఏదో ఇంగ్లీషు పేరుండేది. జనం మాత్రం బొగ్గు లారీ అనేవారు.

మా ఇంటి పొద్దు ఆ లారీతోనే మొదలయ్యేది. మాది మిల్లు వెనక రేకుల ఇళ్ల వరసలో చివరి ఇల్లు. తొలికోడి కూయగానే నాయన లేచి పోయేవాడు. నీళ్లు మరిగి బండి కదలడానికి తగినంత ఆవిరి పట్టాలంటే చాలాసేపు పొయ్యి మండాలి. ముందు పత్తికట్టె, దాని మీద నూనె మరకల పీలికలు, అవి అంటుకున్నాక బొగ్గు. ఆ మూడు వాసనలూ ఒకదాని వెనక ఒకటి మా ఇంట్లోకి వచ్చేవి. పీలికల వాసన రాగానే అమ్మ లేచేది. బొగ్గు వాసన రాగానే జొన్నరొట్టె తట్టడం మొదలుపెట్టేది. నేను పడుకొనే ఆ తట్టుడు వింటూ, ఇంకెన్ని రొట్టెలు అయితే నన్ను లేపుతుందో అంచనా వేసుకునేదాన్ని. బొగ్గు ఎగదోసే పారను నాయన శుభ్రంగా కడిగి, దాని మీద నూనె చుక్క వేసి, పొయ్యి నోట్లో పెట్టి గుడ్డు అట్టు వేసి తెచ్చేవాడు. దానికి కొంచెం పొగ రుచి ఉండేది. ఈనాటికీ గ్యాసు పొయ్యి మీద వేసిన అట్టు నాకు చప్పగానే ఉంటుంది. ఒక పట్టింపు ఉండేది ఆయనకు. లారీ తొట్టిలో నీళ్లు నింపకుండా తాను గుక్కెడు నీళ్లు తాగేవాడు కాదు. "దానికి అడిగే నోరు లేదు గదా" అనేవాడు.

శనివారం బాయిలరు కడిగే రోజు. నిప్పు ఆర్పి, చల్లారనిచ్చి, మిగిలిన నీళ్లు వదిలేసేవారు. బాయిలరు అడుగున చెయ్యి పట్టేంత రంధ్రం ఒకటి ఉంటుంది, దానికొక మూత. మరిగిన నీళ్లలోని ఉప్పు పేరుకొని లోపల కట్టిన గారను ఆ రంధ్రం గుండానే గీకి తీయాలి. నాయన చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయేది. మా అమ్మ ఎస్తేరమ్మ సన్నటి మనిషి. ఆమె చెయ్యి భుజం దాకా పోయేది. అందుకని శనివారాలు అమ్మ నేల మీద ఒక పక్కకు పడుకొని, చెంప ఇనుముకు ఆనించి, కళ్లు మూసుకొని, లోపల వేళ్లతో తడుముతూ గీకేది. మిల్లులో ఆమెకు జీతమేమీ లేదు, ఎవరూ ఇస్తామనలేదు, ఈమె అడగలేదు. కానీ ఆ వారం లారీ ఏ నీళ్లు తాగిందో అమ్మకు చేత్తోనే తెలిసిపోయేది. మంచినీళ్లయితే లోపల పిండిలాంటి మెత్తటి మడ్డి. ఉప్పునీళ్లయితే పెంకులు. ఆ పెంకులకు అంచులుంటాయి. చెయ్యి బయటికి తీసేసరికి గీతలు గీతలుగా రక్తం కనిపించేది.

ఇక నీళ్ల సంగతి. ముసలి బాయిలరు, ఆవిరి కారేది. ఒక తొట్టి నీళ్లతో ఎమ్మిగనూరు చేరేది కాదు, నడిమధ్యన మళ్లీ నింపాలి. నింపకపోతే బండి ఆగిపోవడం కాదు, బాయిలరే కాలిపోతుంది. నడిమధ్యన ఉన్నది ఈ ఊరు. ఊళ్లో ఎన్నో బావులున్నా అన్నీ ఉప్పువే, ఈ ఒక్కటే మంచినీళ్లది. ఎండాకాలంలోనూ నీళ్లు లోతుకు పోవు. మా తాతల కాలం నుంచీ మేం ఆ ఊరి బయటి పేట మనుషులం, క్రైస్తవులం. బావి గట్టు ఎక్కరాదు. నాయన లారీని దూరంగా ఆపి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని నిలబడేవాడు. ఊరి పెద్ద బసప్ప గౌడు మనసు కుదిరితే ఒక మనిషిని పురమాయించేవాడు. ఆ మనిషి నీళ్లు చేది, చెక్క కాలువలో పోస్తే, అది పారి మా తొట్టిలో పడేది. వాళ్ల బొక్కెన మా బండికి తగలకూడదు, అందుకు ఆ కాలువ. మిల్లులో మేనేజరుతో నిలబడి మాట్లాడే మా నాయన గొంతు అక్కడ వేరేగా ఉండేది. అది నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఎమ్మిగనూరులో మా అవ్వ ఇంటికి పోయినప్పుడల్లా నేనూ అమ్మా బేళ్ల మీద కూర్చొని పోయేవాళ్లం.

ఒక ఎండాకాలం బసప్ప గౌడు మంచిబావి నీళ్లు లారీకి పోయడం మాన్పించాడు. బండికి ఏ నీళ్లయితే ఏమి, పేటవాళ్లు తాగే ఉప్పుబావికి పొమ్మన్నాడు. నాయన అలాగే చేశాడు. శనివారాలు అమ్మ చేతులు చూడలేకపోయేవాళ్లం. ఒక శనివారం పోయి ఇంకో శనివారం వచ్చేలోగా గాయాలు మానేవి కావు, కారం కలిపేటప్పుడు ఎడమ చేత్తో కలిపేది. గార మందమై బాయిలరు ఒక చోట ఎర్రబడిందని నాయన ఒకరోజు చెప్పాడు. మేనేజరు, "బాయిలరు పోతే బండి తుక్కుకే. నీకు మాత్రం ఇంకేం పని ఇస్తాను?" అన్నాడట. నాయనకు ఇంకో పని లేక కాదు. ఉంది. మా తాత చేసిన పని, గౌడు పొలంలో జీతగాడి పని. అక్కడికి తిరిగిపోకూడదనే ఆయన పొయ్యి దగ్గర పారపట్టి, ఏళ్ల తరబడి నేర్చుకొని, డ్రైవరయ్యాడు.

ఆ లారీకి ఒక గొట్టం ఉండేది. పక్కన కొక్కేనికి చుట్టగా వేలాడుతూ, చివర జల్లెడతో. దాన్ని నీళ్లలో వేసి బండిలో పిడి తిప్పితే ఆవిరి బలంతో నీళ్లు వాటంతటవే తొట్టిలోకి ఎక్కుతాయి. చేదేవాడితో పని లేదు, కాలువతో పని లేదు. అయినా దాన్ని ఈ ఊళ్లో ఎప్పుడూ వాడలేదు. కారణం ఏమిటంటే, గొట్టం ఒక కొస మా తొట్టిలో ఉంటుంది, ఒక కొస బావిలో ఉంటుంది కాబట్టి మా తొట్టి నీళ్లు గొట్టం వెంట వెనక్కి పారి బావిలో కలుస్తాయని ఊరి పెద్దల నమ్మకం. నీళ్లు ఎత్తుకు ఎక్కుతున్నప్పుడు వెనక్కి ఎలా పారుతాయని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, నాయనకు కూడా.

ఆ రోజు ఎండ మండిపోతోంది. అమ్మా నేనూ లారీలో ఉన్నాం. నీళ్ల మట్టం చూపే గాజుగొట్టంలో నీళ్లు అడుగుకు వచ్చేశాయి. నాయన ఎప్పటి చోటే ఆపి, దిగి, తలగుడ్డ చంకలో పెట్టుకున్నాడు. బావి పక్క చావడి అరుగు మీద గౌడు, ఇంకొంతమంది కూర్చొని ఉన్నారు.

"గౌడా, ఒక్క తొట్టి పోపిస్తే ఎమ్మిగనూరు సేరతాను."

"ఏమిరా దావీదూ, సెప్పినాం గదా. ఉప్పుబాయి ఎండిపోయిందా ఏమి?"

"ఆ నీళ్లు బండికి పడల్యా సామీ. గార కడతాంది."

అరుగు మీద నుంచి ఇంకొకడు అందుకున్నాడు. "బండికే పడని నీళ్లు మీకెట్ల పడతాండాయిరా? మీవి ఇనుము కన్నా గట్టి కడుపులే!"

అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వబోయాడు. నవ్వితే నీళ్లు దొరుకుతాయేమోనని కాబోలు. ఆ సగం నవ్వు చూసి మా అమ్మ కిందికి దిగింది.  కొక్కెం నుంచి గొట్టం తీసి భుజాన వేసుకుంది.

"ఏమ్మే, యాడికి?" అన్నాడు నాయన. ఆమె వెనక్కి చూడలేదు. గొట్టం మట్టిలో ఈడ్చుకుంటూ పోతోంది. అది చాలకపోయేసరికి అక్కడే నిలబడి, "బండి ముందుకు తే" అంది. నాయన తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియదని తర్వాత చెప్పేవాడు, చెయ్యి దానంతటదే కదిలిందట. కడవలతో ఉన్న ఆడవాళ్లు పక్కకు జరిగారు. గౌడు లేచి నిలబడ్డాడు.

"ఏయ్, ఆగు! మీ నీళ్లు గొట్టంలో ఎనక్కి వస్తాయే!"

"వస్తాయేమో ఈడనే నిలబడి సూడు గౌడా" అని, గట్టెక్కి, జల్లెడ కొసను బావిలో వేసింది. "ఏమప్పా, తిప్పు!"

నాయన గౌడు వైపు చూశాడు. అమ్మ వైపు చూశాడు. ఆమె చేతులకు పసుపు పూసి ఉంది, గీతల మీద. ఆయన చంకలో నుంచి తలగుడ్డ తీశాడు. దాన్ని విప్పి, తీరిగ్గా, అద్దం ముందు నిలబడ్డట్టు, తలకు చుట్టుకున్నాడు. తర్వాత పిడి తిప్పాడు.

ఆవిరి ఒక్కసారి బుస్సుమంది. గొట్టం పాములా లేచింది. అమ్మ రెండు చేతులతో దాన్ని గట్టుకు అదిమి పట్టుకుంది. పేలిపోతుందని అరుస్తూ అరుగు మీది వాళ్లు ఎటువాళ్లటు పరిగెత్తారు. నన్నడిగితే ఆ ఊరి పెద్దలు పంచెలు ఎత్తిపట్టుకొని పరిగెత్తడం నేను చూసిన గొప్ప దృశ్యాల్లో ఒకటి. తొట్టి నిండింది. నాయన పిడి కట్టేశాడు.  గౌడు దూరం నుంచే, "బాయి మైలపడింది" అన్నాడు.

"మైలపడితే తాగొద్దండి గౌడా" అంది అమ్మ, గొట్టం చుట్టుకుంటూ. "ఊరంతా ఉప్పుబాయిలుండాయి గదా. తాగండి. మేం తాగుతాండాం, బతికే ఉండాం."

ఎవడో రాయి విసిరాడు. అది తగిలి లారీ తలుపుకు సొట్ట పడింది. నాయన ఆవిరి కూత వేసి బండి కదిలించాడు. ఎమ్మిగనూరు పొలిమేర చేరాం. అక్కడ నాయన, "జల్లెడకు పాచి పట్టింది, కడగల్ల" అన్నాడు. "కడుగుతాలే" అంది అమ్మ. కొంచెం ఆగి, "మళ్లా ఆడ ఆపుతావా?" అనడిగింది. "ఆపకుంటే ఎట్ల? నీళ్లయిపోతాయి గదా" అన్నాడు నాయన.

గౌడు మనుషులను వెంటేసుకొని మిల్లుకు వచ్చాడు. క్షమాపణ చెప్పమన్నాడు మేనేజరు. నాయన చెప్పలేదు. అయితే గొట్టం దించడానికి ఊరికి నచ్చే కులం మనిషిని ఒకడిని బండిలో పంపుతానన్నాడు మేనేజరు. "బండి నాది కాదు దొరా, మీది. నడిపేవానిగా నన్ను పెట్టుకుంటే మాత్రం గొట్టం నేనే దించుతా" అన్నాడు నాయన. ఆ ముసలి బాయిలరు అలకలు తెలిసినవాడు మిల్లులో ఇంకొకడు లేడు, ఎమ్మిగనూరు మగ్గాలు నూలు కోసం ఎదురుచూస్తున్నాయి. మేనేజరు ఇక ఆ మాటెత్తలేదు. తర్వాత లారీ ఆ ఊళ్లో ఆగినప్పుడల్లా గొట్టం బావిలోకే దిగింది. మొదటి కొన్ని రోజులు బావి దగ్గర పిట్ట కూడా లేదు. ఆ తర్వాత ఒక రోజు చూస్తే, ఏమీ జరగనట్టు ఆడవాళ్లంతా కడవలతో తిరిగొచ్చారు. ఎందుకు వచ్చారో మాకెవరూ చెప్పలేదు.

మైకులో నేను ఇక్కడి దాకా చెప్పేసరికి, షామియానా కింద ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో ముడుచుకొని కూర్చున్న ఒక ముసలామె గట్టిగా అరిచింది.

"పప్పు ఉడకల్యా!"

ఆమె తిమ్మక్క, వీరేశ్ అవ్వ. ఆనాడు బసప్ప గౌడు ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు. "నువ్వు గమ్మునుండు మా" అన్నాడు ఆమె కొడుకు, అదే వీరేశ్ చిన్నాన్న.

"నువ్వు గమ్మునుండు. అప్పుడు పుట్టినావా ఏమి నువ్వు?" అని ఆమె నా వైపు తిరిగింది. "నేను గట్టు మీదనే ఉండాను టీచరమ్మా, కడవ ఎత్తుకొని. మా మామ ఇంటికొచ్చి ఉప్పుబాయి నీళ్లే తేవల్లని సెప్పినాడు. ఆ నీళ్లకు కందిపప్పు ఉడుకుతాదా? ఎంత మంటేసినా రాయి మాదిరి ఉండాది. మామ పళ్లెం ఇసిరేసినాడు. మళ్లా దినం కూడా ఇసిరేసినాడు. మా అత్త ఏమీ అనల్యా, కడవ తీస్కొని ఈ బాయి కాడికే వచ్చింది. మైలో గియిలో నాకు పప్పు ఉడకల్ల అనింది. ఆయమ్మ ఎనకాల మేమంతా వచ్చినాం. మా మామ మెత్తగా తిన్నాడు, ఏ బాయి నీళ్లని అడగల్యా!"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. వెనక కుర్చీల్లో కాలనీ వాళ్లు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం మైకు పక్కన పెట్టేశాను. ఇన్నేళ్లూ ఆ బావి విషయంలో మేం మా బలంతో గెలిచామనుకున్నాను. అవతలి ఇంటి వంటగదిలో ఇంకో ఆడమనిషి కూడా మామూలుగా కడవ ఎత్తుకొని గడప దాటిందని నాకు తెలియదు. అమ్మకూ తెలియకుండానే పోయింది.

బొగ్గు లారీని తర్వాత తుక్కు కింద అమ్మేశారు. నాయన డీజిల్ లారీ నేర్చుకున్నాడు. దాని రేడియేటరుకు చెంబెడు నీళ్లు చాలు, ఆదోనిలోనే పోసుకోవచ్చు. అయినా ఆ బావి దగ్గర ఆపి అక్కడే పోసుకునేవాడు. ఈరోజు ఆ బావి నీళ్లు ఎవరూ తాగడం లేదు. ఊరి మధ్యలో నీళ్ల ప్లాంటు ఉంది, డబ్బాలు పట్టుకొని అందరూ ఒకే వరసలో నిలబడతారు. అది నిజమైన మార్పు, కాదనను. కుళాయి నీళ్లు మాత్రం అన్ని వీధులూ తిరిగాక చివరికి కాలనీకి, అంటే ఆనాటి పేటకు, వస్తాయని వెనక వరసలో ఒకమ్మాయి నాతో చెప్పింది. అది కూడా రాస్తున్నాను. ఆనాడు బసప్ప గౌడు నీళ్లివ్వను అని మా ముఖం మీదే అన్నాడు. ఆయన మాట అన్యాయమే గానీ, అబద్ధం కాదు. ఇప్పుడు ఆయన ఇవ్వని నీళ్లను ఊరు దానం చేసినట్టు రాతి మీద చెక్కారు. నీళ్లు ఇవ్వకపోతే గొట్టం వేసుకొని తీసుకున్నాం. జరిగినదాన్ని మార్చేస్తే ఏ గొట్టంతో తెచ్చుకోవాలి?

గుడ్డ తీయకుండానే భోజనాలు పెట్టారు. విమలా నేనూ తిని వచ్చాం.

మరుసటి రోజు పొద్దున కాఫీ తాగుతుంటే వీరేశ్ ఫోన్ చేశాడు. రాయి ఊడదీయించామన్నాడు. "రాత్రి పెద్దోళ్లంతా కూర్చున్నాం టీచరమ్మా. కొత్త రాయి మీద మీ అమ్మ పేరు ఎక్కిద్దామంటాండారు. దాత ఎస్తేరమ్మ అని."

"మా అమ్మ ఏమీ దానం చెయ్యలేదప్పా. ఇవ్వమన్నా ఇవ్వని నీళ్లు గొట్టం వేసి తీసుకుంది. ఉన్నది ఉన్నట్టు రాయి. మీ ముత్తవ్వ కడవ ఎత్తుకొని వచ్చింది కూడా రాయి."

వీరేశ్ గొంతు తగ్గించాడు. "అట్ల రాస్తే మా చిన్నాన్న వాళ్లు ఒప్పుకోరేమో."

"ఒప్పుకునేదాకా ఆ గోడ ఖాళీగా ఉంచు. నేను ఉన్నా లేకపోయినా మా విమల వచ్చి అడుగుతుంది."

వీరేశ్ నవ్వాడు. "మా అవ్వ తెల్లారినప్పటి నుంచి నీళ్ల ప్లాంటు కాడ కుర్చీ ఏసుకొని కూర్చునింది టీచరమ్మా. డబ్బా పట్టుకొని వచ్చినోళ్లకంతా పప్పు కత సెప్తాంది. ఊరందరికీ తెలిసిపోయింది, ఇంక రాయి దేనికని అడుగుతాండారు."

రాయి కూడా కావాలి అన్నాను.